చుక్క, డాలరు, యాంపర్సాండ్: హాస్కెల్‌లో ఛందస్సు టూల్ - ప్రాజెక్టు డైరీ

శనివారం

పద్యపాదం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలు కట్టి, అది ఏ ఛందస్సో చెప్పే చిన్న టూల్ ఒకటి హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదలుపెట్టాను. ఇలాంటివి ముందే ఉన్నాయి, కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. నాకు కావలసింది వేరే. ఫంక్షన్లను కలపడానికి హాస్కెల్‌లో బోలెడు గుర్తులున్నాయి: $, చుక్క, &, <$>, >=>. వీటిలో ఎక్కడ ఏది వాడితే ఆరు నెలల తర్వాత కోడ్ తెరిచినవాడికి తలనొప్పి రాదో ఒక నిజమైన ప్రోగ్రాం మీద తేల్చుకోవాలని ఎప్పటినుంచో ఉంది. ఛందస్సు దీనికి బాగా కుదిరింది. పాఠం ఒక్కో మెట్టు దగ్గర రూపం మార్చుకుంటూ పోతుంది, అంతే. మధ్యలో దాచిపెట్టి మార్చుకోవాల్సిన లెక్కలేవీ లేవు.

అసలు కోడ్‌లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను.

మామూలుగా రాస్తే ఇలా ఉంటుంది:

వృత్తం (గణాలు (గురులఘు (విడదీయి (శుభ్రం పాదం))))

చివర బ్రాకెట్లు లెక్కపెట్టుకోవడం తప్ప ఇందులో తప్పేమీ లేదు. ఇదే డాలరుతో:

వృత్తం $ గణాలు $ గురులఘు $ విడదీయి $ శుభ్రం పాదం

ఈ డాలరు చేసే పని ఏంటని చూస్తే ఏమీ లేదు. దాని నిర్వచనం ఇంతే: ఫ $ అ = ఫ అ. ఫంక్షన్‌ని దాని పక్కనున్న విలువకి అన్వయించడం, అంతే. హాస్కెల్‌లో ఆ పనికి గుర్తే అక్కర్లేదు, రెండూ పక్కపక్కన రాస్తే చాలు. మరి డాలరు ఎందుకంటే, ప్రాధాన్యం కోసం. పక్కపక్కన రాసే అన్వయం అన్నిటికంటే గట్టిగా అతుక్కుంటుంది. డాలరు ప్రాధాన్యం 0, అంటే అన్నిటికంటే వదులు. పైగా కుడివైపు నుంచి గుంపు కడుతుంది. అందుకే దానికి కుడివైపున్నదంతా బ్రాకెట్‌లో పెట్టినట్టే లెక్క.

చుక్క అలా కాదు. అది నిజంగా పని చేస్తుంది: రెండు ఫంక్షన్లు తీసుకుని మూడోది తయారుచేస్తుంది. (ప . ఫ) అ = ప (ఫ అ). లెక్కల పుస్తకంలోని చిన్న సున్నా గుర్తు ఇదే. దీని ప్రాధాన్యం 9. గుర్తులన్నిట్లోకీ ఎక్కువ, అయినా పక్కపక్కన రాసే అన్వయం కంటే తక్కువే. కొత్తవాళ్లని ఏడిపించేది ఈ చివరి సంగతే. "వృత్తం . గణాలు పాదం" అని రాస్తే కంపైలర్ దాన్ని "వృత్తం . (గణాలు పాదం)" అని చదువుతుంది. చుక్కకి కుడివైపున ఫంక్షన్ ఉండాల్సింది, అక్కడ ఫలితం దొరుకుతుంది. అప్పుడొచ్చే టైప్ ఎర్రర్ చదివితే అసలు లోపం ఎక్కడుందో తట్టదు.

నేను పెట్టుకున్న పద్ధతి: ఒక వాక్యంలో డాలరు ఒక్కసారే, సరుకు లోపలికి వచ్చే చోట. మిగతావన్నీ చుక్కలు.

పాదవృత్తం = వృత్తం . గణాలు . గురులఘు . విడదీయి . శుభ్రం

డాలర్ల వరసలోంచి నడుమ రెండు మెట్లు కత్తిరించి వేరే పేరు పెట్టలేం, ఎందుకంటే "గణాలు $ గురులఘు" అనేదానికి విడిగా అర్థం లేదు. చుక్కల వరసలో "గణాలు . గురులఘు" దానంతట అదే ఒక ఫంక్షన్. ఎక్కడ కత్తిరించినా రెండు ముక్కలూ బతుకుతాయి. నా లెక్కలో చుక్క అసలు లాభం ఇదే, అందం తర్వాత సంగతి.

ఆదివారం

విడదీయడంతో పొద్దంతా సరిపోయింది. హాస్కెల్‌లో స్ట్రింగ్ అంటే యూనికోడ్ సంకేతాల వరస. "క్ష" మనకి ఒక్క అక్షరం, దానికి మూడు సంకేతాలు: క, పొల్లు, ష. హల్లుకి ముందు పొల్లు లేకపోతే అక్కడ కొత్త అక్షరం మొదలు. అచ్చు వస్తే ఎప్పుడూ కొత్తదే. మాట చివర "న్" లాంటి పొల్లు హల్లు మిగిలితే దాన్ని ముందున్న అక్షరానికి కలిపేయాలి, అప్పుడు ఆ అక్షరం గురువవుతుంది. జాబితాని గుంపులుగా విడగొట్టే గ్రూప్‌బై వాడదామనుకుంటారు చాలామంది. అది ప్రతిదాన్నీ గుంపులో మొదటిదానితో పోల్చి చూస్తుంది, పక్కదానితో కాదు. అందుకని, జాబితాని ఒక్కొక్కటిగా చూస్తూ ఫలితం కూడగట్టే ఫోల్డ్‌తో రాశాను.

మధ్యలో ఏం జరుగుతోందో చూడటానికి చుక్కల వరసలో ట్రేస్ పెట్టాలి. ఇక్కడ తెలుగువాళ్లకి ఒక ప్రత్యేకమైన చిరాకు ఉంది. షో ఫంక్షన్ ఆస్కీ దాటిన అక్షరాలన్నిటినీ అంకెలుగా మార్చి చూపిస్తుంది. "తెలుగు" అని ఇస్తే వచ్చేది ఇది:

"\3108\3142\3122\3137\3095\3137"

దీన్ని చూసి గురులఘువులు సరిచూడటం దేవుడికి కూడా కుదరదు. ట్రేస్‌ఐడీ మాత్రం స్ట్రింగ్‌ని షో గుండా పంపకుండా ఉన్నదున్నట్టు అచ్చువేసి, అదే స్ట్రింగ్‌ని తిరిగిస్తుంది. రకం మారదు కాబట్టి ఏ రెండు చుక్కల మధ్యనైనా ఇరికించొచ్చు, పనైపోయాక తీసేయొచ్చు:

విడదీయి . ట్రేస్‌ఐడీ . శుభ్రం

తర్వాత గురులఘు. దీర్ఘమున్నా, ఐ ఔలున్నా, సున్నా విసర్గలున్నా, చివర పొల్లున్నా గురువు. ఇవన్నీ అక్షరాన్ని చూస్తే తెలుస్తాయి, మ్యాప్ చాలు. కానీ "సత్యము"లో "స" గురువని తెలియాలంటే పక్కన "త్య" ఉందని చూడాలి. అంటే ప్రతి అక్షరానికీ దాని తర్వాతి అక్షరాన్ని జత చేయాలి. చివరిదానికి తర్వాతిది లేదు, అక్కడ నథింగ్, అంటే ఏమీ లేదని చెప్పే విలువ. ఉన్నచోట జస్ట్.

తర్వాతివి = (++ [నథింగ్]) . మ్యాప్ జస్ట్ . డ్రాప్ 1

గురులఘు అక్షరాలు = జిప్‌విత్ గుర్తు అక్షరాలు (తర్వాతివి అక్షరాలు)

రెండో వరస చూడండి (జిప్‌విత్ అంటే రెండు జాబితాల్ని జతలుగా కలపడం). "అక్షరాలు" కుడివైపు రెండుసార్లు వచ్చింది. చుక్క ఇక్కడ చేతులెత్తేస్తుంది. చుక్కల గొలుసులో సరుకు ఒక తలుపు నుంచి వచ్చి ఇంకో తలుపు నుంచి పోతుంది, మధ్యలో రెండు దారులుగా చీలదు. చీల్చాలంటే <*> కావాలి:

గురులఘు = జిప్‌విత్ గుర్తు <*> తర్వాతివి

ఫంక్షన్ల విషయంలో (ప <*> ఫ) అ = ప అ (ఫ అ). ఇది తర్కశాస్త్రంలో ఎస్ అని పిలిచే కాంబినేటరే (కాంబినేటర్ అంటే ఫంక్షన్లని కలిపే ఫంక్షన్). చుక్క బి కాంబినేటర్. 1924లో మోజెస్ షోన్‌ఫింకెల్ అచ్చువేసిన వ్యాసంలో ఈ రెండూ ఉన్నాయి: ఎస్ అదే అక్షరంతో, బి మాత్రం జెడ్ అనే అక్షరంతో. చలరాశులు లేకుండానే తర్కమంతా రాయొచ్చని ఆయన చూపించాడు. ఆ దారిని తర్వాత పెద్ద శాస్త్రంగా పెంచిన హాస్కెల్ కర్రీ పేరే ఈ భాషకి పెట్టారు.

ఇంత చరిత్ర ఉన్నా <*> వరసని ఉంచలేదు, పేరుతో రాసినదే ఉంచాను. చుక్క కనిపిస్తే "ఇది చేసి అది చేయి" అని చదివే అలవాటు ఎవరికైనా వారంలో వస్తుంది. ఫంక్షన్ల మధ్య <*> కనిపిస్తే మాత్రం ఆగి, కాగితం తీసి, విప్పుకోవాలి. సరుకు రెండుసార్లు వాడే చోట దానికి పేరు పెట్టడమే మర్యాద. ఎన్ని చుక్కలు పెడితే అంత గొప్ప అనుకునేవాళ్ల కోడ్ నేను చాలా చదివాను. రెండు ఆర్గ్యుమెంట్లు (లోపలికిచ్చే విలువలు) తీసుకునే ఫంక్షన్ల కోసం (.) . (.) అని రాసేవాళ్లున్నారు. చూడటానికి గుడ్లగూబ మొహంలా ఉంటుంది. ఆ మొహం చూసి పారిపోవాలనిపిస్తే తప్పు చదివేవాడిది కాదు.

ఆదివారం రాత్రి

టూల్ చూపించడానికి బాబాయ్‌కి ఫోన్ చేశాను. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు.

"ఒరే, 'అతడు ప్రేమించె' అన్నచోట 'డు' గురువెలా అయిందిరా?"

"పక్కన 'ప్రే' ఉంది కదా బాబాయ్, సంయుక్తం."

"పక్క మాటలో ఉందిరా అది. తెలుగు మాట చివరి అక్షరం పక్క మాట బరువు మోయదు. 'మధురస్వరము' లాంటి సమాసమైతే 'ర' గురువు. అది ఒకే మాట లెక్క."

శుభ్రం చేసే మెట్టులో ఖాళీలు కూడా తీసేస్తే ఈ తేడా అక్కడే పోతుంది, ఆ తర్వాత ఏ మెట్టూ దాన్ని తిరిగి తేలేదు. కలిపే వరసకి అర్థం ఉంది: ప . ఫ వేరు, ఫ . ప వేరు. ఇప్పుడు మాటలుగా విడగొట్టి, ఒక్కో మాట మీద విడదీయడం, గుర్తించడం చేసి, చివర్లో కలుపుతున్నాను:

పాదగురులఘు = కన్‌క్యాట్‌మ్యాప్ (గురులఘు . విడదీయి) . వర్డ్స్ . శుభ్రం

బ్రాకెట్‌లో ఉన్న చిన్న గొలుసు ఒక్కో మాటకి, బయటున్న పెద్ద గొలుసు పాదం మొత్తానికి. నిన్న చుక్కలతో రాసుకున్నందువల్ల ఆ రెండు మెట్లనీ అలాగే కోసి బ్రాకెట్‌లో పెట్టడం తప్ప గురులఘులో ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు. మాట చివరి అక్షరానికి నథింగ్ వస్తుంది, అది పక్క మాటని చూడనే చూడదు.

మంగళవారం

గణాల పట్టిక చేత్తో టైప్ చేయబోయి ఆగాను. చిన్నప్పుడు బట్టీపట్టిన సూత్రం ఉంది కదా: యమాతారాజభానసలగం. య దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు "యమాతా" తీసుకుంటే లగగ, అది యగణం. "మాతారా" గగగ, మగణం. ఇలా ఎనిమిదీ వస్తాయి. అంటే సూత్రం మీద మూడక్షరాల కిటికీ జరుపుకుంటూ పోవడమే.

గణపట్టిక = జిప్ సూత్రం . మ్యాప్ (టేక్ 3) . టెయిల్స్ . గురులఘు $ సూత్రం

ఈ ఒక్క వరస రాసినందుకే ఈ ప్రాజెక్టు మొదలుపెట్టడం సార్థకమైందనిపించింది. నేను రాసిన గురులఘు ఫంక్షనే సూత్రాన్ని చదివి పట్టిక తయారుచేస్తోంది. అది తప్పితే పట్టిక తప్పుతుంది, కాబట్టి పరీక్ష కూడా ఇదే. సూత్రం గురులఘువులు లగగగలగలలలగ. చివరి రెండు (లగ), మొదటి రెండు ఒకటే. ఆ రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి గుండ్రంగా చుడితే ఎనిమిది గుర్తుల చక్రం వస్తుంది, అందులో మూడేసి గుర్తుల కూర్పు ప్రతిదీ సరిగ్గా ఒక్కసారే ఉంటుంది. గణితంలో దీన్ని డి బ్రూయిన్ వరస అంటారు.

ఎనిమిది దాటాక కిటికీలు కురచవుతాయి: తొమ్మిదోది "లగ", పదోది "గ". టేక్ 8 పెట్టి వాటిని పారేద్దామనుకుంటే, అవే అక్కరకొచ్చాయి. "లగ" అంటే వగణం, "గ" ఒంటరి గురువు. ఉత్పలమాల భ ర న భ భ ర వ, 20 అక్షరాలు. మత్తేభం స భ ర న మ య వ, అదీ 20. శార్దూలం మ స జ స త త గ, 19. చంపకమాల న జ భ జ జ జ ర, 21, మిగులు లేదు. మూడేసి కోసుకుంటూ పోతే చివర మిగిలేవి ఆ రెండే. కాబట్టి పట్టికలో తొమ్మిదో పేరు ఒక్కటి "వ" అని మార్చి అలాగే ఉంచేశాను.

మూడేసి కోయడం కూడా గొలుసే:

మూడేసి = టేక్‌వైల్ (నాట్ . నల్) . మ్యాప్ (టేక్ 3) . ఇటరేట్ (డ్రాప్ 3)

ఇటరేట్ అంతులేని జాబితా ఇస్తుంది. హాస్కెల్‌ది సోమరి మూల్యాంకనం, అంటే అవసరమైనంతే లెక్కిస్తుంది, కాబట్టి టేక్‌వైల్ ఆపిన చోట ఆగుతుంది.

గురువారం

ఆఫీసులో ఎఫ్-షార్ప్ భాషలో రాసే మిత్రుడు ఒకడు కోడ్ చూసి, "కుడి నుంచి ఎడమకి ఎలా చదువుతావ్ బాబూ" అన్నాడు. వాళ్లు |> వాడతారు, సరుకు ముందు, పనులు తర్వాత. ఈ గుర్తు 1994లోనే ఇసబెల్ అనే నిరూపణ వ్యవస్థ కోడ్‌లో ఉంది, లోకానికి తెలిసింది మాత్రం ఎఫ్-షార్ప్ వల్ల. తర్వాత 2013లో ఓకామెల్ 4.01, 2021లో ఆర్ 4.1.0, 2025లో పీహెచ్‌పీ 8.5 తీసుకున్నాయి. ఎఫ్-షార్ప్‌లో దీనికి అందం కాక ఇంకో కారణం ఉంది. అక్కడ కంపైలర్ రకాలని ఊహించడం (టైప్ ఇన్ఫరెన్స్) ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. జాబితా ముందే కనిపిస్తే లోపలి లాంబ్డాలో (పేరులేని ఫంక్షన్‌లో) అక్షరం రకమేంటో కంపైలర్‌కి తెలుస్తుంది. జాబితా చివర వస్తే చాలాసార్లు రకం చేత్తో రాయాలి. హాస్కెల్‌లో ఆ ఇబ్బంది లేదు.

హాస్కెల్‌లో దీనికి సమానం &, డేటా.ఫంక్షన్ మాడ్యూల్‌లో ఉంటుంది. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 7.10తో, అంటే 2015లో వచ్చింది.

పాదం & శుభ్రం & వర్డ్స్ & కన్‌క్యాట్‌మ్యాప్ (గురులఘు . విడదీయి) & గణాలు

మనం మాట్లాడేది ఇలాగే కదా: పాదాన్ని శుభ్రం చేసి, మాటలుగా విడగొట్టి, గురులఘువులు గుర్తించి, గణాలు కట్టు. కర్మ ముందు, క్రియలు వరసగా, అసలు క్రియ చివర. బాబాయ్‌కి చూపిస్తే ఇది వెంటనే అర్థమైంది, చుక్కల వరస అర్థం కాలేదు.

అయినా అన్నీ & కి మార్చలేదు. చేతిలో సరుకు ఉండి, మెట్లు వరసగా చూపించాల్సిన చోట &. సరుకు లేకుండా ఫంక్షన్‌కి పేరు పెట్టే చోట చుక్క. ఎడమ నుంచి కుడికి కలిపే >>> కూడా ఉంది. కానీ & తో కలిపి బ్రాకెట్లు లేకుండా వాడితే కంపైలర్ ఒప్పుకోదు: రెండింటి ప్రాధాన్యం 1, ఒకటి ఎడమ నుంచి, ఇంకోటి కుడి నుంచి గుంపు కడుతుంది. ఏది ముందో తేల్చలేక ఎర్రర్ ఇస్తుంది. ఒక ఫైల్‌లో ఒక దిక్కే ఉండాలని నేను చెప్పడం కంటే కంపైలర్ చెప్పడం నయం.

వేగం గురించి మిత్రుడు అడిగాడు. ఇన్ని చుక్కలకి ఖర్చు లేదా అని. జీహెచ్‌సీ లైబ్రరీలో చుక్కని (.) ప ఫ = \అ -> ప (ఫ అ) అని రాశారు. ఎడమవైపు కావాలనే రెండు ఆర్గ్యుమెంట్లే ఉంచారు, మూడోది లాంబ్డాలోకి నెట్టారు. దానివల్ల రెండు ఫంక్షన్లు దొరకగానే, సరుకు ఇంకా రాకపోయినా, కంపైలర్ చుక్కని కరిగించేయగలదు.

శనివారం

పాదంలో అంకెలో ఇంగ్లీషు అక్షరాలో ఉంటే? శుభ్రం ఇప్పుడు ఈదర్ తిరిగిస్తుంది, లోపమో పాఠమో. వృత్తం కూడా దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. మధ్యలో మెట్లు మాత్రం తప్పవు. పాదగురులఘులోంచి శుభ్రాన్ని బయటికి తీసి, వాటిని కదపకుండా:

పాదం & శుభ్రం <&> పాదగురులఘు <&> గణాలు >>= వృత్తం

&, <&>, >>= మూడింటి ప్రాధాన్యం 1, మూడూ ఎడమ నుంచే గుంపు కడతాయి. అందుకే బ్రాకెట్ అక్కర్లేకుండా ఒక వరసలో కూర్చున్నాయి. గుర్తు చూస్తే మెట్టు స్వభావం తెలుస్తుంది: <&> ఉంటే ఆ మెట్టు తప్పదు, >>= ఉంటే ఆ మెట్టులో కూడా ఆగిపోవచ్చు.

అసలు మజా ఆటవెలదితో వచ్చింది. ఇక్కడ మూడేసి కోయడం పనికిరాదు. సూర్యగణాలు రెండు: లలల, గల. ఇంద్రగణాలు ఆరు: లలలల, లలలగ, లలగల, గలల, గలగ, గగల. పొడవులు వేరు. ఒక్కో గణాన్నీ ఒక ఫంక్షన్‌గా రాశాను: గురులఘువుల వరస ఇస్తే, మొదట్లో ఆ జాతి గణం ఉంటే దాన్ని తీసేసి మిగతాది తిరిగిస్తుంది, లేకపోతే నథింగ్. ఇలాంటి ఫంక్షన్లకి చుక్క సరిపడదు, దాని తోబుట్టువు >=> కావాలి:

ఆటవెలదిబేసి = సూర్య >=> సూర్య >=> సూర్య >=> ఇంద్ర >=> ఇంద్ర
ఆటవెలదిసరి = సూర్య >=> సూర్య >=> సూర్య >=> సూర్య >=> సూర్య
తేటగీతి = సూర్య >=> ఇంద్ర >=> ఇంద్ర >=> సూర్య >=> సూర్య

లక్షణ పద్యం చదివినట్టే ఉంది. మొదట మేబీ (ఒక్క ఫలితం, లేదా నథింగ్) బదులు జాబితా వాడాలేమో అనుకున్నాను, ఒకేచోట రెండు గణాలు సరిపోతే రెండు దారులూ పట్టి చూడాలి కదా. ఇంద్రగణాలు ఆరూ పక్కపక్కన రాసి చూస్తే ఏదీ ఇంకోదానికి మొదటి ముక్క కాదు. సూర్యగణాలూ అంతే. కాబట్టి ఏ చోటైనా సరిపోయేది ఒక్కటే, లేదా ఏదీ కాదు. వెనక్కి తిరిగి చూసే పనే లేదు, మేబీ చాలు.

సీసానికి ఆరు ఇంద్ర, రెండు సూర్య. ఎనిమిది సార్లు రాయడం ఎందుకు? గొలుసునే జాబితా నుంచి కడితే సరి:

కూర్పు = ఫోల్డ్‌ఆర్ (>=>) ప్యూర్
సీసం = కూర్పు (రెప్లికేట్ 6 ఇంద్ర ++ రెప్లికేట్ 2 సూర్య)

మామూలు ఫంక్షన్లకి ఫోల్డ్‌ఆర్ (.) ఐడీ ఎలాగో ఇది అలాగే. ఏమీ చేయని ఫంక్షన్ చుక్కకి ఐడీ, >=> కి ప్యూర్. ఛందస్సులన్నీ ఇప్పుడు జాబితాలే. కొత్తది చేర్చాలంటే ఒక్క వరస.

ప్రాస చూడటానికి డేటా.ఫంక్షన్‌లోనే & పక్కన ఉండే ఆన్ వాడాను: (==) `ఆన్` ద్వితీయహల్లు. రెండు పాదాల నుంచీ రెండో అక్షరం హల్లు తీసి పోలుస్తుంది. ప్రాసకి ముందు సున్నా ఉంటే అన్ని పాదాల్లోనూ ఉండాలన్న నియమం ఇంకా చేర్చలేదు.

ఆదివారం

కందం. నాలుగు మాత్రల గణాలు ఐదు: గగ, గలల, లగల, లలగ, లలలల. ఇవీ ఒకదానికొకటి మొదటి ముక్కలు కావు, మేబీకే లొంగుతాయి. కానీ స్థానాల మీద నియమాలున్నాయి. బేసి గణం జగణం (లగల) కాకూడదు. మొదటి రెండు పాదాలూ కలిపి ఎనిమిది గణాల్లో ఆరోది జగణమో నలమో (లలలల) కావాలి. రెండో పాదం గురువుతో ముగియాలి, కాబట్టి ఎనిమిదోది గగ లేదా సగణం (లలగ). గణం అనే ఫంక్షన్‌కి ఒప్పుకునే జాబితా ఇచ్చి నాలుగు రకాలు చేశాను:

కందార్ధం = బేసి >=> సరి >=> బేసి >=> సరి >=> బేసి >=> ఆరోది >=> బేసి >=> చివరిది

సగం పద్యానికి ఇది, రెండో సగానికీ ఇదే. బాబాయ్ ఫోన్లో చెప్పిన కందాలన్నీ దాటాయి. ఒక్కటి మాత్రం ఆరో గణం దగ్గర ఆగింది.

"చదవడంలో నేనే ఒక అక్షరం మింగానురా," అన్నారు ఆయన, పుస్తకం తెరిచి చూసి.

ఇక మిగిలింది యతి. అక్షరాల మధ్య మైత్రి పట్టిక పెద్దది, దాన్ని గొలుసుగా రాసే ఉద్దేశం లేదు. మామూలు పట్టికగానే పెడతాను.